ఒక క్రొత్త సిరాబుడ్డి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ రజతోత్సవ శుభసమయమున నన్ను కూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు కోరిరి. నాకంటె ముందు మాటలాడిన పెద్దలు 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము ఏర్పడిన నాటి నుండి మన గ్రంథాలయోద్యమము నడచిన త్రోవను చక్కగా వివరించిరి. నేను అంత ఎత్తునకు పోజాలను. నేను బడిపంతులుగా పని చేసి విశ్రాంతి పొందినవాడను. ఈ గ్రంథాలయము పుట్టిన దినము నుండి దీని రిజిష్టర్లు వ్రాయుచున్నవాడను. కనుక నా చేతికి తెలిసిన సంగతియే చెప్పెదను. నా ప్రసంగ విషయము ఒక సిరాబుడ్డి. దయచేసి నవ్వకుడు. ఆ బుడ్డికిని మన గ్రంథాలయ చరిత్రకును గల సంబంధము చివరకు మీకే తెలియగలదు.

మూడు నెలల క్రిందట మన ఊరి యువకుడొకడు, పట్నములో ఉద్యోగము చేయుచున్నవాడు, నా యింటికి వచ్చి ఒక గాజుబుడ్డిని నా బల్లపై నుంచెను. అది క్రొత్తగా అంగడికి వచ్చిన రంగు సిరా. బుడ్డిని వెలుతురుకెత్తి చూడగా నీలమా, పచ్చయా అని తేల్చుకొనలేని నెమలికంఠపు రంగు. అంచున మాత్రము ఎఱ్ఱని మెరుపు.

"మాస్టారూ, రజతోత్సవానికి దాతల పట్టిక మళ్ళీ రాయిస్తున్నారటగా. ఈ సిరాతో మీ చేత్తోనే రాయండి. కొత్త రిజిష్టరు కూడా దీంతోనే మొదలుపెడదాం" అనెను.

"అలాగే నాయనా. కాని నాకు నెల రోజులు గడువివ్వాలి" అంటిని.

"సిరాకు గడువెందుకు మాస్టారూ?"

"అబ్బాయి రంగు ఒక్కటీ చూసి పిల్లనిస్తామా? గుణం కూడా విచారించవద్దూ?"

అతడు నవ్వి వెడలిపోయెను. నేను మాత్రము నవ్వుటకు అనలేదు. గుణము విచారింపక సిరాను నమ్మి ఒకసారి చెడినవాడను నేను. ఆ సంగతి తరువాత చెప్పెదను. ముందు పరీక్ష సంగతి వినుడు.

క్రొత్త సిరా పోయుటకు ముందు కలమును కడుగవలెను. కలములో పాత సిరా మిగిలియున్నచో మనము చూచునది రెండు సిరాల కలయికయే గాని క్రొత్త సిరా రంగు కాదు. అంతేకాదు, రెండు వేర్వేరు సిరాలు కలిసినపుడు ఒక్కొక్కప్పుడు విరిగిన పాలవలె తరకలు కట్టి పాళీ క్రింది నాలుకను మూసివేయును. కనుక చన్నీటితో, నీరు తేటగా వచ్చువరకు కడిగి, ఒక రాత్రి ఆరనిచ్చితిని. వేడినీరు పనికిరాదు. నా కలము ఎబొనైటుతో చేసినది. అటువంటి కలములకు మన రాజమహేంద్రవరము పేరుపొందినది. అక్కడ రత్నము గారు చేసిన స్వదేశీ కలమును మెచ్చుకొనుచు 1935లో గాంధీజీ లేఖ వ్రాసిరి. వేడినీటికి ఎబొనైటు నిగ్గు కోల్పోవును.

మొదటి దినము మూడు విధములైన కాగితములపై వ్రాసితిని. పిల్లల నోటుబుక్కు కాగితముపై అక్షరమునకు వేళ్ళు మొలచినట్లు సిరా ప్రక్కలకు ప్రాకెను. ఆ కాగితమునకు గంజి పూత తక్కువ. పూత లేనిచోట కాగితపు నారలు వత్తివలె సిరాను పీల్చుకొనును. తప్పు సిరాది కాదు, కాగితముది. రిజిష్టరు కాగితముపై వ్రాత నిలుకడగా నిలిచెను గాని వెనుక పుటకు కొంచెము దిగెను. దళసరి కాగితముపై ప్రాకలేదు, దిగలేదు. అయితే ఆరుటకు ఎక్కువసేపు పట్టెను. సిరా బాగున్నదా యని ఎవరైన అడిగినచో, ఏ కాగితముమీద అని ఎదురు ప్రశ్న వేయవలెనని నాకు తెలిసెను.

రెండవ దినము అందమైన వ్రాతకు వాడు వెడల్పు పాళీని సిరాలో ముంచి వ్రాసితిని. సత్యము చెప్పవలెను గదా! అంతటి సొగసు నేను చాలకాలముగా చూచియుండలేదు. మన తెలుగు అక్షరము గుండ్రనిది. వెడల్పు పాళీ ఆ వంపులో తిరుగునపుడు గీత ఒకచోట లావెక్కి ఒకచోట సన్నగిల్లును. గీత ముగియుచోట సిరా ఎక్కువగా నిలిచి రంగు చిక్కనగును. ఒకే అక్షరములో లేత పచ్చ మొదలుకొని ముదురు నీలము వరకు కనబడెను. మిక్కిలి చిక్కగా ఆరినచోట ఎఱ్ఱని మెరుపు తేలెను. రంగు కాగితములోనికి ఇంకగా మిగిలినది పైననే పేరుకొనుటవలన కలుగు మెరుపు అది. మూడు దినముల పిదప తడివ్రేలితో తాకగా ఆ మెరుపు వ్రేలికి అంటుకొనెను. పైననే నిలిచినది పైనుండియే పోవును. అప్పుడే నాకు మొదటి అనుమానము కలిగెను.

మూడవ పరీక్ష మా మనుమరాలు చేసినది. అద్దుడు కాగితమును వ్రేలెడు వెడల్పున కత్తిరించి, ఒక అంచునకు కొంచెము పైగా సిరాచుక్క పెట్టి, ఆ అంచు మాత్రము తడియునట్లు నీటిలో నిలిపెను. నీరు కాగితమున పైకెక్కుచు చుక్కను తనతో కొనిపోయెను. కొంతసేపటికి ఆ ఒక్క రంగు మూడుగా విడిపోయెను. క్రింద నీలము, నడుమ గులాబి, అన్నిటికంటె పైన పసుపు. కాగితమును గట్టిగా పట్టుకొను రంగు క్రిందనే ఆగును. పట్టు లేనిది నీటి వెంట పోవును. 20వ శతాబ్ది తొలి సంవత్సరములలో త్స్వెత్ అను రష్యా శాస్త్రజ్ఞుడు ఆకులలోని రంగులను ఈ సూత్రముతోనే విడదీసెను. నేడు పెద్ద ప్రయోగశాలలలో జరుగు పరీక్షలకు కూడ మూలము ఇదియే. మన పిల్లలు ఒక గ్లాసు నీటితో దీనిని ఇంటిలో చేసి చూడవచ్చును. నెమలికంఠపు రంగు అనునది ఒక రంగు కాదు, ముగ్గురు కలిసి చేసిన కాపురము అని మేము తెలిసికొంటిమి.

నాలుగవ పరీక్ష నీరు. రిజిష్టరు కాగితముపై నాలుగు పంక్తులు వ్రాసితిని. మొదటిది క్రొత్త సిరాతో, రెండవది రిజిష్టర్లకు వాడు నీలినలుపు సిరాతో, మూడవది దీపపు మసితో చేసిన నల్ల సిరాతో, నాలుగవది మామూలు పెన్సిలుతో. ఒక దినమంతయు ఆరనిచ్చి, ఆ ముక్కను పళ్ళెములో నీరు పోసి పావుగంటసేపు ఉంచితిని. పళ్ళెములోని నీరు మిక్కిలి అందముగా నెమలికంఠపు రంగు తిరిగెను. కాగితముపై మొదటి పంక్తి స్థానమున లేత నీలి మరక మాత్రము మిగిలెను. రెండవ పంక్తిలో నీలము కొంత కరిగెను గాని నల్లని అక్షరము చదువుటకు వచ్చెను. మసి సిరా చెక్కుచెదరలేదు. పెన్సిలు గీత ఏమియు ఎరుగనట్లే యుండెను.

అయిదవ పరీక్ష ఎండ. ఒక పుటలో సగమును అట్టతో మూసి పడమటి కిటికీకి కట్టి నెల దినములు ఉంచితిని. అట్ట తీసి చూడగా మూసిన సగము నెమలికంఠము, తెరచిన సగము ఎండిన గడ్డి!

సిరాలలో ఈ తేడా ఎందుకు వచ్చినదో కొంచెము విచారింతము. మన పూర్వులు తాటాకుపై గంటముతో వ్రాసిరి. గంటము ఆకును గీరును. ఆ గీరిన చాలులో మసి పూసి తుడువగా అక్షరము కనబడును. మసి పోయినను చాలు పోదు గనుక మరల మసి పూయవచ్చును. తాటాకుపై అక్షరము ముందు, రంగు తరువాత. కాగితము వచ్చిన పిదప రంగే అక్షరమైనది. రంగు పోయెనా, అక్షరము పోయెను. అందుచేతనే కాగితముపై వ్రాయువానికి సిరా విచారము తప్పదు. బ్రౌను దొర 19వ శతాబ్దిలో కడప బంగళాలో పండితులను, లేఖకులను పెట్టి, తాటాకు గ్రంథములను సరిచూపించి కాగితములపై ప్రతులు వ్రాయించెను. ఆ ప్రతులు చదువుటకు మిగులుట పండితుల ప్రజ్ఞ వలననే కాదు, లేఖకుల సిరా వలన కూడ.

పాతకాలపు గట్టి సిరాలు రెండు. ఒకటి మసి సిరా. దీపపు మసిని తుమ్మబంకతో నూరి చేయుదురు. మసి యనగా బొగ్గే. అది ఎండకు వెలవదు, నీటిలో కరగదు. పెన్సిలు గీత నిలుచుట కూడ ఇందువలననే. దానిలోని గ్రాఫైటు కూడ బొగ్గునకు తోబుట్టువే. రెండవది కరక్కాయ వంటి వగరుకాయల రసములో అన్నభేది కలిపి చేయు సిరా. పాశ్చాత్యులు మాచికాయలను వాడిరి. ఈ సిరా వ్రాయునపుడు పలుచగా నుండి కాగితపు నారలలోనికి ఇంకును. తరువాత గాలి సోకి అందలి ఇనుము నల్లబడి, నీటికి లొంగని పదార్థమై అక్కడనే పాతుకొనును. వ్రాయునపుడే కంటికి కనబడుటకై దానిలో నీలిరంగు కలుపుదురు. నీలినలుపు అను పేరు అందుచే వచ్చినది. ఇంగ్లండులో జనన, మరణ, వివాహముల రిజిష్టర్లకు ఈ జాతి సిరానే చాలకాలము వాడిరి. అయితే దీనికిని ఒక దోషము కలదు. ఆమ్లము మోతాదు మించినచో కొన్ని తరములకు కాగితమునే తినివేయును.

ఇక రంగుల సిరాలు. 1856లో లండనులో పెర్కిన్ అను 18 ఏండ్ల విద్యార్థి, మలేరియా మందైన క్వినైనును ప్రయోగశాలలో తయారుచేయబోయి విఫలుడై, గిన్నె అడుగున మిగిలిన నల్లని మడ్డి నుండి ఊదారంగును కనిపెట్టెను. తారునుండి తీసిన ఇట్టి రంగులు వందలకొలది వచ్చి బట్టలకును, సిరాలకును ప్రాకెను. ఇవి నీటిలో పూర్తిగా కరగును. కరగును గనుకనే కలములో గడ్డకట్టక హాయిగా పారును. కరగును గనుకనే తడిసినపుడు పుట నుండియు పారిపోవును. దాని సుగుణమును దుర్గుణమును ఒక్కటే!

మహాజనులారా! నేను ఇంతగా పరీక్షించుటకు కారణము ఇప్పుడు చెప్పెదను. ఇరువది అయిదేండ్ల క్రిందట ఈ గ్రంథాలయము ఒక అరుగుమీద మొదలైనపుడు, దాతల పట్టిక వ్రాయు భాగ్యము నాకు కలిగెను. నా వ్రాత అందమైనదని అందరు అనెడివారు. ఆ గర్వముతో పట్నమునుండి ఊదారంగు సిరా తెప్పించి, వెడల్పు పాళీతో, మొదటి రెండు పుటలలో 43 మంది పేర్లు ముత్యములవలె వ్రాసితిని. ప్రతి పేరునకు ఎదుట వారిచ్చిన దానిని మన కోశాధికారి గారు పెన్సిలుతో వేసిరి. "తరువాత సిరాతో దిద్దుకుందాం లెండి" అనిరి. ఆ తరువాత అన్నది రాలేదు.

ఏడవ ఏట వర్షాకాలములో కప్పు కారి బీరువాలో నీరు దిగెను. రెండు రాత్రులు ఎవరమును చూడలేదు. మూడవ ఉదయమున రిజిష్టరు తీసి చూడగా మొదటి రెండు పుటలు ఊదారంగు మబ్బువలె నుండెను. పేర్లు లేవు. వాటి ఎదుట కోశాధికారి గారి పెన్సిలు అంకెలు మాత్రము ఒక్కటి చెరగక నిలిచియుండెను. ఎవరిచ్చిరో పోయినది, ఏమిచ్చిరో మిగిలినది. కప్పు కారుట వానది తప్పు కావచ్చును. కాని పేర్లు పోవుట నా సిరా తప్పు, ఆ సిరాను ఏరుకొన్న నా తప్పు. ఈ మాట ఇంతమంది ఎదుట నేడే మొదటిసారి చెప్పుచున్నాను.

పెద్దలను అడిగి 26 పేర్లు తిరిగి పోల్చుకొంటిమి. 17 పేర్లు నేటికిని తెలియలేదు. ఇచ్చినవారిలో కొందరు గతించిరి. కొందరు వలసపోయిరి. కొందరు తమంతట తాము చెప్పుకొనుటకు ఇష్టపడనివారై యుందురు. 116 రూపాయలు ఇచ్చినవారిని ఊరు గుర్తుంచుకొన్నది. తెలియక మిగిలినవి ఎక్కువగా 10 రూపాయల, 11 రూపాయల పంక్తులు. ఒక పంక్తిలో "పుస్తకములు 2" అనియు, ఒకదానిలో "చాప 1" అనియు ఉన్నది. ఆ చాపమీద కూర్చుండి చదువుకొన్న పిల్లలు నేడు ఈ సభలో కుర్చీలమీద కూర్చున్నారు. చాప ఇచ్చిన తల్లి పేరో తండ్రి పేరో మనకు తెలియదు.

కనుక ఆ యువకునితో నేను ఇట్లు చెప్పితిని: "నాయనా, నీ సిరా చెడ్డది కాదు. దాని పని దానికి ఇద్దాం." అతడు సంతోషముగా ఒప్పుకొనెను. ఈ సభా ద్వారమున మీరు చూచిన స్వాగతపత్రము ఆ నెమలికంఠపు సిరాతో వ్రాసినదే. పిల్లల దస్తూరి పోటీకి, ఆహ్వానములకు, శుభాకాంక్షలకు అది ఎంతయు తగును. ఒక సంతోషమును ఒక దినము వెలిగించి పోవుట కూడ గొప్ప పనియే. రంగు సిరాతో వ్రాయవలెనని పిల్లవాడు కలము పట్టినచో అంతకంటె మనకు కావలసినదేమి? ఎండలో ఉంచకుడు, తడుపకుడు అను రెండు మాటలు చెప్పినచో చాలును.

దాతల పట్టికను, పుస్తకముల దాఖలా రిజిష్టరును, చందాల ఖాతాను మాత్రము నీలినలుపు సిరాతోనో, నీటికి చెదరని నల్ల సిరాతోనో వ్రాయవలెనని కార్యవర్గము తీర్మానించెను. నేడు బాలు పెన్నులు సులభముగా దొరకుచున్నవి. వానిలోను ఎండకు వెలిసిపోవునవి కలవు గనుక వానికిని పరీక్ష తప్పదు. కంప్యూటరులో కూడ పట్టిక ఉంచితిమి. అయినను చేతివ్రాత ప్రతి ఒకటి ఉండవలెను. రెండు చోట్ల ఉన్నది ఒక వానకు పోదు.

ఇంటిలో కలము వాడువారికి మూడు మాటలు. అందమైన వ్రాతకై అమ్ము నల్ల సిరాలలో కొన్నింట లక్క గాని బంక గాని ఉండును. అవి ముంచి వ్రాయు పాళీకే తగును. ఫౌంటెను పెన్నులో పోసినచో లోపల ఎండి కలమును మూసివేయును. నీలినలుపు సిరా వాడువారు కలమును అప్పుడప్పుడు కడుగుచుండవలెను. అది లోపల ఎండినచో మడ్డి కట్టును, ఉక్కుపాళీని తినును. మూడవది ముఖ్యమైనది. ఇంటి దస్తావేజు గాని, పురుడు తేదీ గాని, అప్పు పత్రము గాని వ్రాయుటకు ముందు అదే కలముతో ఒక చిన్న ముక్కపై వ్రాసి, ఆరనిచ్చి, నీటిలో వేసి చూడుడు. ఖర్చు లేదు. పావుగంట చాలును.

ఇక చివరి మాట. మన క్రొత్త దాతల పట్టికలో 43 పంక్తులు గీసితిని. 26 పేర్లు నిలుచు సిరాతో వ్రాసితిని. 17 పంక్తులు ఖాళీగా ఉంచితిని. ప్రతి ఖాళీ ఎదుట పాత పెన్సిలు అంకెను అట్లే ఎత్తి వ్రాసితిని. ఆ పట్టిక ఇప్పుడు ముందుగదిలో బల్లపై నున్నది. సభ ముగిసిన పిదప ప్రతివారును ఒకసారి చూడవలెనని నా ప్రార్థన. "మా అవ్వ ఆ రోజుల్లో చాప ఇచ్చిందని విన్నాను" అని ఎవరైన ఒక్క మాట చెప్పినచో చాలును. నేను బల్ల దగ్గరనే కూర్చుండెదను. కలము కడిగి, మంచి సిరా పోసి సిద్ధముగా నుంచితిని.